మోటరు వెయ్యి... ఇంజన్ ఆపు! రోజూ వాడే ఈ రెండు మాటల వెనక ఇంత కథ ఉందా?

మీ ఫోన్‌ని ఒక్కసారి వైబ్రేషన్ మోడ్‌లో పెట్టి, టేబుల్ మీద ఉంచి, ఎవరితోనైనా కాల్ చేయించండి. గుర్రుమంటూ పక్కకి జరుగుతుంది కదా! ఆ కదలిక ఒక బుల్లి మోటారు పని. చాలా ఫోన్లలో దాని ఇరుసుకి ఒక పక్కకే బరువు తగిలించి ఉంటుంది. అది గిర్రున తిరిగితే బ్యాలెన్స్ తప్పి ఫోన్ మొత్తం వణుకుతుంది. సరే, ఇప్పుడు అదే ఫోన్‌లో క్రోమ్ బ్రౌజర్ తెరవండి. చాలా ఫోన్లలో దాని లోపల పనిచేసే ప్రోగ్రామ్ పేరు వీ8. గూగుల్ 2008లో బయటపెట్టిన ఈ ప్రోగ్రామ్‌కి కార్లలో ఉండే 8 సిలిండర్ల ఇంజన్ పేరే పెట్టారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు దాన్ని జావాస్క్రిప్ట్ ఇంజన్ అంటారు.

అంటే మీ జేబులో మోటారూ ఉంది, ఇంజనూ ఉంది. ఒకటి తిరుగుతుంది, రెండోది అంగుళం కూడా కదలదు. మరి రెండో దాన్ని ఇంజన్ అని ఎందుకు అన్నట్టు?

ఈ ప్రశ్న నాకు ఆఫీసులో రాలేదు. మా మామ వేశాడు. నేను మదనపల్లె పక్కన అంగళ్లులో ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు బెంగళూరులో కోడ్ రాసుకుంటా ఉండే మనిషిని. అంగళ్లు తెలుసు కదా? పేరులోనే అంగడి ఉన్న ఊరు. టమోటా లారీలు, కాలేజీ బస్సులు ఒకే రోడ్డు మీద దారి కోసం కొట్లాడుకుంటా ఉంటాయి. పండక్కి పోయినప్పుడల్లా మామ ఒకటే మాట. "ఏం అల్లుడూ, ఇంజనీరు సదివినావు గదా. మోటరుకి, ఇంజనుకి తేడా ఏందో చెప్పు సూద్దాం!"

"డీజిల్ పోస్తే ఇంజన్, కరెంటు ఇస్తే మోటరు" అని చెప్పేశా. మామ నవ్వినాడు. "అట్లయితే నువ్వు తెచ్చిన మోటార్‌సైకిల్‌కి పెట్రోలు ఎందుకు పోస్తావు? కుప్పం టేసన్లో కరెంటు తీగ పట్టుకోని పోయేదాన్ని రైలింజన్ అని ఎందుకంటారు?"

మామ ఆరో తరగతితో ఆపేశాడు. కానీ ప్రశ్న మాత్రం పక్కా. అక్కడి నుంచి నేను ఈ రెండు మాటల వెంట పడ్డా.

మోటారు అంటే మొదట్లో దేవుడు!

మోటారు లాటిన్ మాట. ఆ భాషలో 'మోవేరే' అంటే కదిలించడం, 'మోటార్' అంటే కదిలించేవాడు. ఇంగ్లీషులో మూవ్, మోషన్, మోటివ్, ఎమోషన్ అన్నీ ఆ కుటుంబంలోవే. మనసుని కదిలించేది ఎమోషన్, మనిషిని కదిలించేది మోటివ్.

విచిత్రం ఏంటంటే, ఈ మాట ఇంగ్లీషులోకి 15వ శతాబ్దంలో వచ్చినప్పుడు దానికీ యంత్రాలకీ సంబంధం లేదు. లోకాన్ని నడిపించేవాడు, అన్నిటికీ మూల చోదకుడు అనే అర్థంలో దేవుడి గురించి వాడారు. యంత్రానికి ఆ పేరు రావడం ఎంతో తర్వాతి సంగతి. 1821లో మైఖేల్ ఫారడే ఒక గిన్నెలో పాదరసం పోసి, అందులో అయస్కాంతం నిలబెట్టి, కరెంటు పారే తీగ దాని చుట్టూ తిరిగేలా చేశాడు. కరెంటుతో ఆగకుండా తిరిగిన మొట్టమొదటి వస్తువు అదే. 1888లో నికోలా టెస్లాకి ఏసీ మోటారు పేటెంట్లు వచ్చాయి. మన పొలాల్లో బోరులో దిగే మోటార్లు ఆ వంశంలోవే.

మన ఊళ్ళలోకి ఈ మాట ఇంకో దారిలో వచ్చింది. మా తాతల కాలంలో 'మోటారు' అంటే బస్సో, కారో. 'మోటారెక్కి పోయినాడు' అంటే బావిలోకి దిగినాడని కాదు, పట్నం పోయినాడని. ఆ వాడుక చట్టంలో ఇంకా బతికే ఉంది. మీ డ్రైవింగ్ లైసెన్సు వెనక ఉన్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టమే.

ఇంజన్ అంటే బుర్ర

ఇంజన్ కథ ఇంకా బాగుంటుంది. దీని మూలం లాటిన్‌లో 'ఇంజీనియం'. అర్థం పుట్టుకతో వచ్చిన తెలివి. పాత ఫ్రెంచిలో అది 'ఎంజిన్' అయ్యింది. అక్కడ దానికి తెలివి, యుక్తి, ఎత్తుగడ అని అర్థాలుండేవి. ఆ తర్వాత ఆ తెలివితో చేసిన వస్తువుని కూడా ఎంజిన్ అనడం మొదలైంది. ముఖ్యంగా యుద్ధంలో కోటగోడల మీదికి రాళ్ళు విసిరే యంత్రాలు. అలాంటివి తయారుచేసేవాడు ఇంజనీరు. అంటే మొదటి ఇంజనీర్లు సైన్యంలో పనిచేసే వాళ్ళు. సైన్యంతో పని లేకుండా వంతెనలు, కాలువలు కట్టేవాళ్ళు తర్వాత వచ్చారు కాబట్టి, తేడా తెలియడానికి వాళ్ళని 'సివిల్' ఇంజనీర్లు అన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ కూడా మద్రాసు సైన్యం ఇంజనీర్ల విభాగం నుంచి వచ్చినవాడే.

ఈ మాటకి ఒక తోక తెలుగునాట ఉండిపోయింది. గుంటూరు, ఆదోని, ఆదిలాబాద్ వైపు పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లులు చూశారా? ఆ 'జిన్' ఎక్కడిదనుకున్నారు? 'ఎంజిన్' మాటలో ముందు అక్షరం ఎగిరిపోతే మిగిలిన ముక్కే జిన్. అమెరికాలో ఇలై విట్నీ 1794లో పేటెంట్ తీసుకున్న కాటన్ జిన్ అంటే 'పత్తి ఇంజన్' అన్నమాట.

1712లో థామస్ న్యూకోమెన్ ఆవిరి ఇంజన్ పని మొదలుపెట్టింది. రైలు నడపడానికి అనుకుంటే పొరపాటే. ఇంగ్లండ్‌లో బొగ్గు గనుల్లో ఊరే నీళ్ళు బయటికి తోడిపోయడానికి. 1769లో జేమ్స్ వాట్ దాన్ని మెరుగుపరిచి పేటెంట్ తీసుకున్నాడు. అంటే లోకంలో ఇంజన్ నేర్చుకున్న మొదటి పని, మా మదనపల్లె రైతు దానికి చెప్పిన పని ఒకటే. నీళ్ళు ఎత్తిపొయ్యడం!

మరి రూలు ఏంటి?

క్లాసులో చెప్పే రూలు ఇది. ఇంధనాన్ని కాల్చి, ఆ వేడిని కదలికగా మార్చేది ఇంజన్. కరెంటు లాంటి ఇంకో రూపంలో వచ్చే శక్తిని తీసుకుని కదలికగా మార్చేది మోటారు. జేసీబీలో నూనె ఒత్తిడితో తిరిగేవాటిని హైడ్రాలిక్ మోటార్లు అంటారు. అక్కడ కరెంటు లేకపోయినా మోటారే, ఎందుకంటే అది తనలో దేన్నీ కాల్చుకోదు.

రూలు బాగానే ఉంది. కానీ మాటలు రూలు పుస్తకం చూసి పుట్టవు. 1886లో కార్ల్ బెంజ్ పెట్రోలుతో నడిచే మూడు చక్రాల బండి చేసి దానికి 'మోటార్‌వాగన్' అని పేరు పెట్టాడు. జర్మన్ భాషలో ఇంజన్‌ని కూడా మోటారే అంటారు మరి. బీఎండబ్ల్యూ పేరులో మధ్య అక్షరం 'మోటోరెన్'. బవేరియా మోటార్ల ఫ్యాక్టరీ అని అర్థం. చేసేది ఇంజన్లే. మోటార్‌సైకిల్‌లో మోటారు కూడా ఈ యూరప్ వాడుక నుంచి వచ్చి మన నోట్లో స్థిరపడింది. మామ మొదటి ప్రశ్నకి ఇదీ జవాబు. ఇప్పుడు తిరుగుతున్న కరెంటు స్కూటర్లతో ఆ పేరు నూటికి నూరుపాళ్ళు నిజమయ్యింది.

రెండో ప్రశ్న రైలు గురించి. ఆవిరి రోజుల్లో రైలుని లాగేది ఇంజనే. బొగ్గు పోయి డీజిల్ వచ్చింది. అప్పుడు లోపల డీజిల్ ఇంజన్ ఒక జనరేటర్‌ని తిప్పేది, ఆ కరెంటుతో చక్రాల దగ్గర ఉన్న మోటార్లు తిరిగేవి. ఒకే బండిలో ఇంజనూ ఉంది, మోటార్లూ ఉన్నాయి! తర్వాత పైన తీగలు వచ్చాయి. డబ్ల్యూఏపీ-7 రకం కరెంటు ఇంజన్‌లో 6 ట్రాక్షన్ మోటార్లు ఉంటాయి, ఇంజన్ ఒక్కటీ ఉండదు. అయినా దాని పేరు ఇంజనే. లోపలి సరుకు మారిపోయింది, పాత బోర్డు అలాగే ఉండిపోయింది.

ఇంకో తమాషా మన శ్రీహరికోటలో ఉంది. రాకెట్‌లో ఘన ఇంధనం నింపిన భాగాన్ని 'మోటార్' అంటారు. ద్రవ ఇంధనం మండించే భాగాన్ని 'ఇంజన్' అంటారు. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్ళిన ఎల్వీఎం3 రాకెట్‌నే చూడండి. పక్కల ఉన్న రెండు ఎస్200లు ఘన ఇంధనం మోటార్లు. మధ్యలో ఉన్నవి రెండు వికాస్ ఇంజన్లు. పైన ఉన్నది సీఈ-20 క్రయోజెనిక్ ఇంజన్. పైపులు, పంపులు, వాల్వులు పెట్టి మంటని అదుపు చేసేది ఇంజన్ అయ్యింది. ఒకసారి అంటిస్తే అయిపోయేదాకా మండి తోసేది మోటార్ అయ్యింది. ఇక్కడ రెండూ ఇంధనాన్ని కాల్చేవే. అయినా పాత అర్థాలు ఎంత బాగా అతికినాయో చూడండి. కదిలించేది ఒకటి, యుక్తి ఎక్కువున్నది ఇంకొకటి.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. చార్లెస్ బ్యాబేజ్ లెక్కలు చేసే యంత్రం గీసుకుని 1822లో దానికి 'డిఫరెన్స్ ఇంజన్' అని, 1837లో ఇంకా పెద్దది గీసి 'అనలిటికల్ ఇంజన్' అని పేర్లు పెట్టాడు. అప్పటికి ఇంజన్ అంటే యుక్తిగా చేసిన యంత్రం అనే అర్థం ఇంకా బతికే ఉంది. ఈరోజు మనం సెర్చ్ ఇంజన్, గేమ్ ఇంజన్ అంటున్నామంటే పొగ గొట్టాల ఇంజన్‌ని కాపీ కొట్టినట్టు అనిపించొచ్చు. నిజానికి అవి దాటిపోయి వెనక్కి, తెలివి అనే మొదటి అర్థం దగ్గరికి పోయినట్టు.

మోట నుంచి మోటారు వచ్చిందా?

ఇప్పుడు మా ఊరి వైపు వద్దాం. మా అవ్వ గట్టిగా నమ్మే మాట ఒకటుంది. "మోటతో నీళ్ళు తోడేది పోయి దీంతో తోడతా ఉండారు, అందుకే మోటరు అన్నారు." వినడానికి ఎంత పద్ధతిగా ఉందో కదా! కానీ ఈ రెండు మాటలకీ చుట్టరికం లేదు. మోట మన దేశంలో మాట. హిందీ, మరాఠీ వాళ్ళకీ అది ఉంది. మోటారు లాటిన్ నుంచి ఓడెక్కి వచ్చింది. పోలిక వట్టి యాదృచ్ఛికం. అయినా ఒకే పని చేసే రెండు మాటలు, రెండు ఖండాల్లో పుట్టి, ఒకే బావి గట్టు మీద కలుసుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

నిజానికి మా రాయలసీమ వైపు మోట కంటే కపిల అనే మాట ఎక్కువ. కన్నడంలో కపిలె, తమిళంలో కమలై లేదా కవలై. మూడు భాషలు ఒకే సంతలో వినపడే కుప్పంలో ఈ పోలిక ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. రెండు ఎద్దులు, ఒక మోకు, ఒక గిలక, తొండం ఉన్న తోలు సంచి. ఎద్దులు ఏటవాలు బాటలో కిందికి దిగితే సంచి పైకొస్తుంది, వెనక్కి నడిస్తే బావిలోకి దిగుతుంది. కపిల తోలేవాళ్ళు తెల్లవారుజామున పాడుకునే పాటలు వేరే. ఎద్దులు లేనివాళ్ళకి ఏతం. ఒక మనిషి దూలం మీద ముందుకీ వెనక్కీ నడుస్తా ఉంటే ఇంకో మనిషి నీళ్ళు పారబోస్తా ఉంటాడు.

20వ శతాబ్దం మొదట్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు మద్రాసు ప్రెసిడెన్సీలో బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లతో పంపులు నడపొచ్చని చూపించడానికి చాలా కష్టపడ్డాడు. అప్పట్లో మదనపల్లె కూడా ఆ ప్రెసిడెన్సీలోదే. స్వాతంత్ర్యం వచ్చాక ఆయిల్ ఇంజన్లు ఊరూరికీ చేరాయి. డగడగమని దాని చప్పుడు వినపడితే ఎవరి మడికి నీళ్ళు పారుతున్నాయో ఊరందరికీ తెలిసేది. తర్వాత కరెంటు వచ్చింది, ఇంజన్ పోయి మోటారు వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక ఇంజన్ చప్పుడు ఇంచుమించు ఆగిపోయింది.

మాట ఎలా మారిందో గమనించండి. మా వైపు 'మోటరు దించినాం' అంటే మోటారు, పంపు, పైపులు, కేబుల్ అన్నీ కలిపి. 'మోటరు వేసి రాపో' అంటే స్విచ్ నొక్కు అని. నీళ్ళు తోడేది పంపు, దాన్ని తిప్పేది మోటారు. కానీ 'పంపు కాలిపోయింది' అని ఎవరూ అనరు. దేవుడితో మొదలైన మాట చివరికి బోరుబావిలో మునిగింది.

ఇక్కడ చిన్న లెక్క. జేమ్స్ వాట్ తన ఆవిరి ఇంజన్లు అమ్ముకోవడానికి, ఇది ఇన్ని గుర్రాల పని చేస్తుందని చెప్పేవాడు. అలా పుట్టిందే హార్స్‌పవర్. ఆయన మదనపల్లెలో పుట్టి ఉంటే మనం ఇప్పుడు '5 ఎద్దుల మోటరు' కొంటూ ఉండేవాళ్ళం! 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. 10 మీటర్ల లోతు బావి నుంచి 1 లీటరు నీళ్ళు పైకి తేవడానికి సుమారు 98 జౌళ్ళ శక్తి చాలు. వెయ్యి అడుగుల బోరు, అంటే సుమారు 300 మీటర్ల లోతు నుంచి అదే లీటరు తేవాలంటే 2,940 జౌళ్ళు కావాలి. 30 రెట్లు! 10 హెచ్‌పీ మోటారు తీసుకునే శక్తిలో సగం నీళ్ళకి చేరింది అనుకుందాం. నిమిషానికి వచ్చేది సుమారు 76 లీటర్లు. 15 లీటర్ల బిందె అయితే అయిదు బిందెలు.

తాత ఎద్దులతో తోడిన బావి ఎండిపోయి, నాయన వెయ్యి అడుగుల కిందికి పోయాడు. యంత్రం బలం పెరిగిన కొద్దీ నీళ్ళు దూరం జరిగినాయి. హంద్రీ-నీవాలో మల్యాల దగ్గర కృష్ణా నీళ్ళని పెద్ద పెద్ద మోటార్లు ఎత్తిపోస్తే, మజిలీ మజిలీకీ ఇంకో పంపింగ్ స్టేషన్ దాటుకుంటూ, పుంగనూరు బ్రాంచి కాలువ మీదుగా కుప్పం వైపు రావాలి. ఎత్తు మీద ఉండే మా ప్రాంతానికి నీళ్ళు వాటంతట అవి రావు. ఎవరో ఒకరు కదిలించాలి. మోటారు అనే మాటకి అసలు అర్థం మా ఎండాకాలంలో తెలుస్తుంది.

'మోటరు కాలిపాయ'

రెండేళ్ళ కిందట టమోటా పూత మీద ఉన్నప్పుడు మా మోటారు కాలిపోయింది. రాత్రి కరెంటు వచ్చింది, ఆటో స్టార్టర్ దానంతట అదే వేసింది. మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. పొద్దున్నే నాయన ఫోన్. "మోటరు కాలిపాయ రా." అంతే, ఇంకేం చెప్పలేదు. ఆ ఒక్క ముక్కలో ఆ పంటకి తెచ్చిన అప్పు, నారు ఖర్చు, కట్టెలు పాతిన కూలి అన్నీ ఉన్నాయి. పూత మీద నీళ్ళు ఆగితే పూత రాలుతుంది. అది రాలితే ఎవరూ తిరిగి అతికించలేరు.

శుక్రవారం రాత్రి బస్సెక్కి వచ్చేశా. మోటరు ఎత్తే బండి పిలిపించి, పైపు తర్వాత పైపు విప్పుకుంటూ దాన్ని బయటికి తీసేసరికి మధ్యాహ్నం అయ్యింది. మదనపల్లె రోడ్డు పక్కన రేకుల షెడ్డులో వైండింగ్ మెకానిక్ దాన్ని విప్పి చూసి, "రెండు ఫేజులే నల్లగా ఉండాయి చూడన్నా, మూడోది బాగుండాది. ఇది సింగిల్ ఫేజింగే" అన్నాడు నాయనతో. మూడింటి మీద మోయాల్సిన బరువు రెండింటి మీద పడితే, ఆ రెండు చుట్లలో కరెంటు పెరిగి, వేడెక్కి, మాడిపోతాయి. నేను రెండో సంవత్సరంలో పరీక్ష రాసిన పాఠం అది. ఆయన తీగ రంగు చూసి చెప్పాడు.

తర్వాత ఆయన చేసిన పని నేను పక్కనే కూర్చుని చూశా. పాత తీగ కోసి తీసే ముందు ఒక్కో గాడిలో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టాడు. తీగ మందం కొలిచాడు. అంచులు నలిగిన ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకంలో ఆయన బాగుచేసిన మోటార్ల వివరాలన్నీ ఉన్నాయి. ఎన్ని హెచ్‌పీ, ఎన్ని గాడులు, ఎన్ని చుట్లు, ఏ తీగ. నీళ్ళలో మునిగి పనిచేసే మోటారు లోపల కూడా నీళ్ళే నిండి ఉంటాయి కాబట్టి మామూలు తీగ పనికిరాదు, ప్లాస్టిక్ పొర చుట్టిన రాగి తీగ వాడాలి. కంపెనీ చుట్టిన దానికంటే ఆయన ఒక చోట కట్టు ఎక్కువ వేశాడు. ఎందుకని అడిగితే, "మన పక్క ఓల్టేజి ఊగతా ఉంటుంది సామీ. స్టార్టు అయినప్పుడల్లా తీగ అదురుతుంది. ఆ అదురుకి పొర అరిగిపోతుంది" అన్నాడు.

ఆదివారం సాయంత్రం మోటారు మళ్ళీ బోరులో దిగింది. రాత్రికి నీళ్ళు పారినాయి. పూత కొంత రాలింది, చాలావరకు నిలిచింది. ఆ పంట మాకు అప్పు తీర్చింది, మిగులు పెద్దగా ఇవ్వలేదు.

ఆయనకి వచ్చిన కూలి, నేను ఏసీ గదిలో కూర్చుని ఒక రోజులో సంపాదించే దానికంటే తక్కువ. నా కార్డు మీద ఇంజనీరు అని ఉంది, ఆయన షెడ్డు మీద మెకానిక్ అని ఉంది. తర్వాత ఎప్పుడో 'మెకానిక్' మాట మూలం వెతికా. గ్రీకు భాషలో 'మేఖనే'. అర్థం ఉపాయం, యుక్తిగా చేసిన సాధనం. అంటే ఇంజన్ అన్నా, మెకానిక్ అన్నా పుట్టినప్పుడు ఒకటే మాట! లాటిన్ ఇంటిలో పుట్టినదానికి పట్టా దొరికింది, గ్రీకు ఇంటిలో పుట్టినదానికి రేకుల షెడ్డు దొరికింది. ఇంజీనియం అంటే పుట్టు తెలివి అని డిక్షనరీలో చదివిన ప్రతిసారీ నాకు ఆ నలిగిన నోటు పుస్తకం గుర్తొస్తుంది.

యంత్రం, మర, కీలు: మన మాటలు ఏమంటున్నాయి?

ఇంతకీ మనకి సొంత మాటలు లేవా? బోలెడున్నాయి. ఒక్కోటి ఒక్కో కోణంలో చూస్తుంది.

యంత్రం సంస్కృతం మాట. 'యమ్' అనే ధాతువు నుంచి వచ్చింది. అర్థం అదుపులో పెట్టడం. నియమం, సంయమనం, నియంత్రణ, నియంత అన్నీ దాని చుట్టాలే. రథం తోలేవాడిని సంస్కృతంలో 'యంత' అంటారు. కాబట్టి యంత్రం అంటే అదుపు చేసే సాధనం. చేతికి కట్టుకునే తాయెత్తు రేకుని కూడా యంత్రం అంటాం కదా, అదీ చెడుని కట్టేసేదే. 11వ శతాబ్దంలో భోజుడి పేరు మీద ఉన్న 'సమరాంగణ సూత్రధార'లో యంత్రాల మీద ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. జైపూర్ జంతర్ మంతర్‌లో 'జంతర్' కూడా ఈ యంత్రమే.

మర ఇంకా ఇంటి మాట. పిండి మర, మరపడవ, మరమనిషి. నగరి, సిరిసిల్ల పేర్లు చెప్పగానే గుర్తొచ్చేది మరమగ్గాలు. బోల్టు మీద మెలికలు తిరిగిన గాడినీ మర అనే అంటాం. అందుకే స్క్రూ మనకి మరమేకు. తమిళంలో మరయాణి, ఆణి అంటే మేకు. మరమనిషి అన్న మాట చూడండి, ఎంత సాఫీగా ఉందో. ఇంగ్లీషు 'రోబో' 1920లో కారెల్ చాపెక్ రాసిన చెక్ నాటకం నుంచి వచ్చింది. చెక్‌లో 'రోబోట' అంటే వెట్టిచాకిరీ. వాళ్ళు ఆ బొమ్మలో బానిసని చూశారు, మనం మనిషిని చూశాం.

కీలు సంగతి సినిమా వాళ్ళకి తెలుసు. అక్కినేని, అంజలీదేవి నటించిన 'కీలుగుర్రం' 1949లో వచ్చింది. కీలు తిప్పితే ఎగిరే గుర్రం. కీలుబొమ్మ, కీలకం అనే మాటలు మనం రోజూ వాడేవే. వార్తల్లో 'కీలక నిర్ణయం' చదివినప్పుడు అందులో ఒక మేకు, ఒక బందు దాగున్నాయని ఎవరికి తోస్తుంది?

ఇప్పుడు అన్నీ పక్కపక్కన పెట్టండి. మోటారు అంటే కదిలించేది. ఇంజన్ అంటే తెలివి. యంత్రం అంటే అదుపు. కదలిక, తెలివి, అదుపు... ఈ మూడింటిలో ఏది లేకపోయినా మా మోటారు కాలిపోయినట్టే. ఆ రాత్రి కదిలించే కరెంటు వచ్చింది, చుట్టిన తెలివి లోపల ఉంది, ఫేజు పోతే ఆపే ఒక చిన్న పెట్టె మాత్రం లేదు. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ అనే ఆ పెట్టె ఇప్పుడు మా స్టార్టర్ పక్కన ఉంది. మీ పొలంలో లేకపోతే ఇవాళే పెట్టించుకోండి. మోటారు రీవైండింగ్ ఖర్చుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ.

ఇంకో పని కూడా ఉంది, దానికి ఖర్చే లేదు. కపిల తోలిన చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి, చాలావరకు ఎనభై దాటినవే. మోకుకి, గిలకకి, ఎద్దులు నడిచే బాటకి, తోలు సంచి కుట్టే పద్ధతికి ఊరూరికీ ఒక్కో పేరు ఉండేది. ఆ పేర్లు ఏ సెర్చ్ ఇంజన్‌కీ తెలియవు, ఎందుకంటే వాటిని ఎవరూ టైప్ చెయ్యలేదు. ఈసారి ఊరికి పోయినప్పుడు మీ తాతనో, అవ్వనో పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్‌లో రికార్డర్ ఆన్ చెయ్యండి. "కపిలకి ఏమేమి సామాన్లు ఉండేవి?" అని ఒక్క మాట అడిగి ఊరుకోండి. మిగతాది వాళ్ళే చెప్తారు. వింటా ఉండగా ఫోన్ మాత్రం వైబ్రేషన్‌లో పెట్టకండి. ఆ బుల్లి మోటారు గుర్రుమంటే రికార్డింగ్ పాడైపోతుంది!